లేని కోపం మా వారికి నా ముఖంలో ఎందుకు కనిపిస్తోంది?

మీ వారు నాలుగు నెలలుగా డిప్రెషన్‌కు మందులు వాడుతున్నారని, మీరు మామూలుగా ఉన్నప్పుడు కూడా "ఎందుకలా చిరాగ్గా చూస్తున్నావు?" అని నిలదీస్తున్నారని రాశారు. ఇది జబ్బు లక్షణమా, మీ మీద అనుమానమా అని అడిగారు. నేను వైద్యుణ్ణి కాను; ఆరేళ్ల క్రితం ఇదే జబ్బుతో ఏడాదికి పైగా అవస్థ పడ్డవాణ్ణి. ఆయన గొడవకు సాకు వెతుకుతున్నారని నేననుకోను. ఆయనకు నిజంగానే అలా కనిపిస్తూ ఉండవచ్చు.

అప్పట్లో మేము మోతీనగర్‌లో ఉండేవాళ్లం. పొద్దున్నే నాన్నగారు కనుబొమలు ముడిచి, పెదవులు బిగించి, బాల్కనీలో పేపరు పట్టుకుని కూర్చునేవారు. ఉద్యోగానికి సెలవు పెట్టి ఇంట్లో పడి ఉన్న కొడుకు మీద కోపమే అదని నాకు రూఢి అయిపోయి, దాదాపు రెండు నెలల పాటు ఆయన లేచి స్నానానికి వెళ్లేదాకా నేను గదిలోంచి బయటికి వచ్చేవాణ్ణి కాదు. చివరికి మా ఆవిడ ఆయన్ని కంటి డాక్టరుకు చూపిస్తే తేలింది, కళ్లద్దాల నంబరు మారింది. కొత్త అద్దాలతో ఆ ముడి విడిపోయింది.

మనస్తత్వవేత్తలు పాల్ ఎక్మన్, వాలెస్ ఫ్రీసెన్ 1976లో వెలువరించిన ముఖాల ఫొటోలను, వాటిలాంటి ఇతర ఫొటోలను తీసుకుని, ఒక్కో భావాన్ని కంప్యూటర్‌లో పలచన చేసి, గాఢం చేసి చూపిస్తూ డిప్రెషన్‌లో ముఖాలు ఎలా కనిపిస్తాయో పరిశోధకులు పరీక్షిస్తూ వచ్చారు. డిప్రెషన్‌లో ఉన్నవారు సంతోషాన్ని గుర్తుపట్టాలంటే ఆ నవ్వు మామూలుకన్నా గాఢంగా ఉండాల్సి వస్తుందని, ఏ భావమూ లేని ముఖాన్ని వారు విచారంగా ఉన్నట్టు చదివే అవకాశం ఎక్కువని తేలింది. మెదడులో అమిగ్డలా అనే భాగం, ముఖం చూశామన్న స్పృహ కూడా కలగనంత వేగంగా చూపించినా సరే, విచార వదనాలకు వీరిలో ఎక్కువగా స్పందిస్తుందని స్కానింగులలో కనిపించింది. ఆలోచన మొదలయ్యే లోపే జరిగిపోయే పని ఇది. అందుకే "నేనేం కోపంగా లేను" అని వాదించినా ఆయనకు ఊరట కలగకపోవచ్చు.

ఆయన ముందు ఎప్పుడూ నవ్వుతూ ఉండమని బంధువులు మీకు సలహా ఇచ్చే ఉంటారు. దయచేసి ఆ పని చేయకండి. మా ఆవిడ కష్టపడి తెచ్చిపెట్టుకున్న నవ్వు నాకు వెక్కిరింతలా కనిపించేది.

మందుల విషయంలో ఒక ఊరట ఉంది. ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన కేథరీన్ హార్మర్ బృందం 2009లో ప్రచురించిన ప్రయోగంలో, రెబాక్సెటిన్ అనే డిప్రెషన్ మందు ఒకే ఒక్క మోతాదు వేసుకున్న రోగులు, మనసు ఇంకా తేలికపడకముందే సంతోషంగా ఉన్న ముఖాలను మెరుగ్గా గుర్తించారు. నాకు మాత్రం మూడో వారంలో గాని తెలియలేదు: ఎర్రగడ్డ రైతుబజారులో ఆకుకూరలమ్మే ఆవిడ చిల్లర చేతిలో పెడుతూ నవ్వింది, అది నాకు నవ్వులాగే కనిపించింది. నిద్ర, ఆకలి కుదుటపడటానికి ఇంకా చాలా రోజులు పట్టింది. నాలుగు నెలలైనా మీ వారిలో మార్పు లేదంటే మందు సరిచూడమని సైకియాట్రిస్టును అడగండి. మీరు రాసిన ఈ సంగతి కూడా ఆ డాక్టరుతో చెప్పండి. తనపై కుట్ర జరుగుతోందని గాని, ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపిస్తోందని గాని మీ వారు అంటే ఆలస్యం చేయవద్దు. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్‌లో తెలుగులోనే మాట్లాడవచ్చు.

మా ఇంట్లో పనికొచ్చింది చిన్న ఒప్పందం. ముఖం చూసి నాకు నేనే అర్థం చెప్పుకోకుండా "ఇది నా గురించేనా?" అని అడగాలి, మా ఆవిడ విసుక్కోకుండా మనసులో ఉన్నది చెప్పాలి. మొదటిసారి అడిగినప్పుడు ఆమె పొయ్యి వంక చూస్తూ అన్న మాట నాకింకా గుర్తుంది: "గ్యాసు అయిపోవచ్చింది, బుక్ చేశానా లేదా అని ఆలోచిస్తున్నానండీ."