నాన్న ఫోన్ మూడేళ్లకే మొరాయిస్తోంది, 15 వేలు పెట్టి కొత్తది కొనాలా?

మీరు అడిగింది ఇదీ: మీ నాన్నగారు దేవరకొండ దగ్గర పత్తి రైతు. ఆయన ఫోన్‌కు మూడేళ్లు నిండాయి. మధ్యాహ్నానికే చార్జింగ్ అయిపోతోంది, పట్టుకుంటే చెయ్యి కాలుతోంది. 15 వేల లోపు ఏ ఫోన్ కొంటే మంచిది అని.

నేను నల్గొండలో, గడియారం సెంటర్‌కు కొంచెం అవతల ఫోన్ల రిపేర్ షాపు నడుపుతున్నాను. "అన్నా, చార్జింగ్ ఎక్కుతలేదు, కొత్తది తీసుకోవాల్నా?" అనే మాట వినని రోజు ఉండదు. మీకూ అదే జవాబు చెబుతాను: ఇప్పుడే కొనకండి. ముందు చార్జింగ్ జాక్ శుభ్రం చేయించండి, అవసరమైతే బ్యాటరీ మార్పించండి. అప్పటికీ పని చేయకపోతే కొత్తదాని గురించి ఆలోచిద్దాం.

జాక్ సంగతి ముందు చెబుతున్నానంటే కారణం ఉంది. పత్తి ఏరే రోజుల్లో మా షాపుకు వచ్చే ఫోన్లలో చాలావాటికి అసలు రోగమే ఉండదు. చొక్కా జేబులో, నడుముకు కట్టిన సంచిలో ఫోన్ తిరుగుతుంటుంది కదా, సన్నని దూది పోగు కొంచెం కొంచెంగా జాక్‌లోకి చేరుతుంది. కేబుల్ పెట్టిన ప్రతిసారీ దాన్ని లోపలికి నొక్కుతుంది. కొన్నాళ్లకు అది మట్టి, చెమట కలిసి గట్టి ముద్దలా తయారవుతుంది. కేబుల్ చివరిదాకా దిగదు, వదులుగా ఊగుతుంది, వంచి పట్టుకుంటేనే చార్జింగ్ ఎక్కుతుంది. ఫోన్ స్విచాఫ్ చేసి, టార్చి వెలుగులో సన్నని చెక్క పుల్లతో అంచుల వెంబడి మెల్లగా గీరితే బూడిద రంగు పీచు ఒక్క ముక్కగా బయటికి వస్తుంది. ఆ తర్వాత కేబుల్ పెడితే టక్కున పడుతుంది. అంతకుమించి రిపేరేమీ లేదు. పిన్నీసు, సూది మాత్రం వాడొద్దు. టైప్ సీ జాక్ మధ్యలో ఉండే నాలుకలాంటి పట్టీ మీదే కాంటాక్టులన్నీ ఉంటాయి, ఇనుప మొన తగిలితే అవి వంగుతాయి, షార్ట్ కూడా కావచ్చు. అప్పుడు కింది చార్జింగ్ బోర్డే మార్చాల్సి వస్తుంది.

ఇక బ్యాటరీ. ఎంత మంచి ఫోన్‌దైనా లిథియం బ్యాటరీ అరిగిపోయే వస్తువే. 500 సార్లు పూర్తిగా చార్జ్ అయ్యేసరికి 80 శాతం సామర్థ్యం మిగలడం పాత లెక్క. ఇప్పుడు కొన్ని కంపెనీలు 800, 1000 సార్లు అంటున్నాయి. రోజుకొకసారి నిండుగా చార్జ్ చేసినా మూడేళ్లకు వెయ్యి దాటుతుంది. పైగా చాలా ఫోన్ల మాన్యువల్‌లో 35 డిగ్రీల లోపు వేడిలోనే వాడమని రాసి ఉంటుంది. మే నెలలో మన నల్గొండ జిల్లాలో 44, 45 డిగ్రీలు మామూలే. ట్రాక్టర్ మీద, బోరు దగ్గర స్టార్టర్ డబ్బాలో పెట్టిన ఫోన్ అంతకంటే ఎక్కువే వేడెక్కుతుంది. మీ నాన్నగారి ఫోన్‌లో బ్యాటరీ మూడేళ్లు లాగిందంటే అదే ఎక్కువ.

బ్యాటరీదే తప్పా అని మీరే చూసుకోవచ్చు. 30 శాతం ఉండగానే ఫోన్ ఆగిపోయి, చార్జర్ పెట్టగానే మళ్లీ 25 చూపిస్తే బ్యాటరీ అయిపోయినట్టే. ఫోన్‌ను అద్దం లాంటి చదునైన బల్ల మీద వెల్లకిలా పెట్టి వేలితో మెల్లగా తిప్పండి. కెమెరా ఎత్తుగా ఉన్నవైపు కాకుండా నడుమ భాగం మీద గిర్రున తిరిగితే బ్యాటరీ ఉబ్బి వెనక మూతను నెడుతున్నట్టు. అలాంటి ఫోన్‌ను చార్జింగ్ పెట్టొద్దు, నొక్కి సరిచేయాలని చూడొద్దు, దిండు కింద అసలే పెట్టొద్దు. ఆలస్యం చేయకుండా తెచ్చి మార్పించండి. అలా కాకుండా, వాడకుండా పక్కన పెట్టినా వేడెక్కుతుంటే సెట్టింగ్స్‌లో బ్యాటరీ యూసేజ్ చూడండి. తెలియని యాప్ ఏదైనా పైన కనిపిస్తే దాన్ని తీసేయండి. చాలాసార్లు రోగం అక్కడే దొరుకుతుంది.

ఈ ధరల ఫోన్లకు బ్యాటరీ మార్పిడి సాధారణంగా 1000 నుంచి 2000 రూపాయల్లో అయిపోతుంది. వీలైతే కంపెనీ సర్వీస్ సెంటర్‌లోనే వేయించండి. సర్వీస్ సెంటర్ చిరునామా కంపెనీ వెబ్‌సైట్‌లోనో, ఫోన్‌లో ఉన్న వాళ్ల సొంత యాప్‌లోనో చూసుకోండి. గూగుల్‌లో పైన కనిపించిన కస్టమర్ కేర్ నంబరుకు ఫోన్ చేసి డబ్బులు పోగొట్టుకున్నవాళ్లను నేను చూశాను. బయటి షాపులో వేయిస్తే బ్యాటరీకి ఎన్ని నెలల గ్యారంటీ ఇస్తారో అడిగి, బిల్లు మీద రాయించుకోండి. రాసివ్వనంటే ఇంకో షాపు చూసుకోండి. ఈ మాట షాపు నడిపే నేనే చెబుతున్నాను.

ఇవన్నీ చేసినా కొత్తది తప్పదనుకుందాం. అప్పుడు కూడా 'ఫలానా మోడల్ కొనండి' అని చెప్పను, ఈ ధరలో మోడళ్లు నాలుగు నెలలకోసారి మారుతుంటాయి. ఏం చూడాలో చెబుతాను.

అన్నిటికంటే ముందు అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారో చూడండి. బ్యాంకు యాప్‌లు, యూపీఐ యాప్‌లు పాత ఆండ్రాయిడ్‌లో ఒక్కొక్కటిగా పనిచేయడం మానేస్తాయి. ఫోన్ బాగానే ఉంటుంది, పని మాత్రం జరగదు. ఇప్పుడు మధ్యతరగతి ఫోన్లలోనూ మంచి హామీలు వస్తున్నాయి. 2024లో వచ్చిన శామ్‌సంగ్ గెలాక్సీ ఏ16 5జీకి ఆరేళ్ల అప్‌డేట్లని ఆ కంపెనీయే ప్రకటించింది. అయితే ఆ ఏళ్లను మోడల్ మార్కెట్లోకి వచ్చిన రోజు నుంచి లెక్కపెడతారు, మీరు కొన్న రోజు నుంచి కాదు. దసరా, దీపావళి ఆఫర్లలో భారీగా తగ్గించి అమ్మేవాటిలో పాత మోడళ్లు చాలా ఉంటాయి. నాలుగేళ్ల హామీ ఉన్న ఫోన్‌ను రెండేళ్ల తర్వాత కొంటే మీకు దక్కేది రెండేళ్లే. కాబట్టి ధర చూసేముందు ఆ మోడల్ ఎప్పుడు వచ్చిందో చూడండి.

రెండోది, షాపు లోపల ఏసీలో ఫోన్ చూసి కొనకండి. అమ్మేవాళ్లను అడిగి డెమో ఫోన్ పట్టుకుని ఎండలోకి రండి. బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచి, అక్షరాలు కనిపిస్తున్నాయా చూడండి. చేను గట్టు మీద నిలబడి ఫోన్ చూసే మనిషికి ఇంతకంటే పెద్ద పరీక్ష లేదు. ఒక కాల్ చేసి స్పీకర్ వినండి, మోటారు చప్పుడులో వినపడాలి. వీలైతే మీ నాన్నగారినే తీసుకెళ్లండి. పత్తి ఏరి, కలుపు తీసి అరిగిన వేళ్లను ఫింగర్‌ప్రింట్ సెన్సర్లు చాలాసార్లు గుర్తుపట్టవు. రేషన్ షాపులో వేలిముద్ర పడక ఇబ్బంది పడేవాళ్ల సమస్యే ఇది కూడా. ఆయన వేలు పెట్టించి చూసి, పడకపోతే అంకెల పిన్ అలవాటు చేయండి. అన్‌లాక్ కావడం లేదని లాక్ పూర్తిగా తీసేయడం మాత్రం వద్దు, ఇప్పుడు బ్యాంకు ఖాతా అంతా ఆ ఫోన్‌లోనే ఉంటుంది.

ర్యామ్ 6 జీబీ, స్టోరేజ్ 128 జీబీ ఉంటే చాలు. 'మరో 6 జీబీ వర్చువల్ ర్యామ్' అని అట్టపెట్టె మీద రాసినదాన్ని లెక్కలోకి తీసుకోకండి. అది స్టోరేజ్‌లోంచి అరువు తెచ్చుకున్నది, అసలు ర్యామ్ అంత వేగం దానికి రాదు. స్టోరేజ్ యూఎఫ్ఎస్ రకమా, ఈఎంఎంసీ రకమా అని అడగండి. యూఎఫ్ఎస్ అయితే రెండేళ్ల తర్వాత కూడా ఫోన్ చురుగ్గా ఉంటుంది. కెమెరాల సంఖ్యకు డబ్బు పెట్టొద్దు. ఈ ధరలో వెనక ఉండే మూడింటిలో పనికొచ్చేది ఒక్కటే, మిగతా 2 మెగాపిక్సెల్ కెమెరాలు చూడ్డానికే. పురుగు పట్టిన ఆకును ఫొటో తీసి మందుల షాపుకు పంపడానికి ఆ ఒక్కటి సరిపోతుంది.

స్మార్ట్‌ఫోన్ అవసరమే లేదు, కీప్యాడ్ ఫోన్ చాలు అనేవాళ్లూ ఉన్నారు. రెండేళ్ల కిందట అయితే నేనూ కాదనేవాణ్ని కాదు. కానీ 2025లో కేంద్ర ప్రభుత్వ పత్తి సంస్థ సీసీఐకి పత్తి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో పేరు నమోదు చేసుకుని స్లాట్ బుక్ చేసుకోవాల్సి వచ్చింది. పొద్దంతా చేనులో ఉండి సాయంత్రం ఓటీపీ కోసం పక్కింటి పిల్లల దగ్గర కూర్చున్న రైతులను చూస్తే బాధేసింది. అందుకే నా సలహా రెండు ఫోన్లు. చేనుకు కీప్యాడ్ ఫోన్ తీసుకెళ్లాలి. మోటారు మొబైల్ స్టార్టర్‌కు కాల్ చేయడానికి అది చాలు, కింద పడినా తట్టుకుంటుంది, చార్జింగ్ రోజుల తరబడి ఉంటుంది. స్మార్ట్‌ఫోన్ ఇంట్లో నీడపట్టున ఉండాలి. బ్యాంకుకు, ఆధార్‌కు ఇచ్చిన సిమ్‌ను కీప్యాడ్ ఫోన్‌లో ఉంచుకోవాలన్నది మాత్రం నేను గట్టిగా చెప్పను. యూపీఐ యాప్‌లు సిమ్ అదే ఫోన్‌లో ఉండాలంటాయి, మీ నాన్నగారు యూపీఐ వాడతారా లేదా అన్నదాన్ని బట్టి మీరే తేల్చుకోండి.

ఏ ఫోన్ వాడినా పీఎం కిసాన్ పేరుతోనో, చలానా పేరుతోనో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైల్‌ను తెరవొద్దని ఆయనకు ఒకటికి పదిసార్లు చెప్పండి. దాన్ని ఇన్‌స్టాల్ చేస్తే వచ్చే ఓటీపీలన్నీ అవతలివాడు చదివేస్తాడు. సెట్టింగ్స్‌లో తెలియని చోటు నుంచి యాప్‌లు ఇన్‌స్టాల్ చేసే అనుమతి వాట్సాప్‌కు, బ్రౌజర్‌కు ఆఫ్‌లో ఉందో లేదో మీరే చూసి పెట్టండి. డబ్బు పోతే ఆ క్షణమే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, తెల్లారేదాకా ఆగితే డబ్బు చేతులు మారిపోతుంది.

వాడకం గురించి నాలుగు మాటలు. ఎండలోంచి తెచ్చిన ఫోన్‌ను వెంటనే చార్జింగ్ పెట్టకండి, నీడలో కాసేపు పౌచ్ తీసి ఉంచండి. చల్లారాలని ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లున్నారు, దానివల్ల లోపల తేమ పట్టి బోర్డు పాడవుతుంది. తడిస్తే బియ్యం డబ్బాలో పెట్టడం కూడా వద్దు. మిర్యాలగూడ మిల్లుల పక్కనే ఉన్నాం, బియ్యానికి కొదవలేదు కాబట్టి అందరూ ముందు చేసేది అదే. కానీ దాని పిండి జాక్‌లో, స్పీకర్ జల్లెడలో చేరి ఇంకో పని పెడుతుంది. ఐఫోన్ల గురించి ఆపిల్ కంపెనీ కూడా బియ్యంలో పెట్టొద్దనే చెబుతోంది. వెంటనే స్విచాఫ్ చేసి, సిమ్ ట్రే తీసి, జాక్ కిందికి ఉండేలా పట్టుకుని నీళ్లు దులిపి, ఫ్యాన్ కింద పెట్టండి. పడింది పురుగుమందు నీళ్లో, చెమటో అయితే ఆగకుండా షాపుకు తేవాలి. లోపల ఉప్పు మిగిలిపోయి బోర్డును తింటుంది, ఆరినట్టు కనిపించినా వారం తర్వాత డెడ్ అవుతుంది. నీళ్లను తట్టుకుంటుందని చెప్పే ఐపీ67, ఐపీ68 గుర్తులు ఉన్నా ఆ పరీక్షలు మంచినీళ్లతో చేసినవే. నీళ్లతో పాడైతే వారంటీ వర్తించదని ఆ కంపెనీలే చిన్న అక్షరాల్లో రాస్తాయి.

చార్జర్ విషయంలో పిసినారితనం వద్దు. పల్లెల్లో వోల్టేజ్ పైకీ కిందికీ ఊగుతుంటుంది. మంచి చార్జర్ 100 నుంచి 240 వోల్టుల వరకు తట్టుకుంటుంది, అంతకు మించి వస్తే చాలాసార్లు తాను కాలిపోయి ఫోన్‌ను కాపాడుతుంది. రోడ్డు పక్కన దొరికే 100 రూపాయల చార్జర్‌కు ఆ రక్షణ ఉండదు. చార్జర్ మీద బీఐఎస్ (ప్రభుత్వ నాణ్యతా ప్రమాణాల సంస్థ) గుర్తు కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉంటుంది. దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అసలుదో కాదో తెలుస్తుంది.

కొత్తదైనా పాతదైనా *#06# నొక్కి, ఫోన్‌కు గుర్తింపు సంఖ్యలైన ఐఎంఈఐ నంబర్లు రాసిపెట్టుకోండి, బిల్లు మీద ఉన్నవాటితో సరిపోల్చండి. హైదరాబాద్ జగదీష్ మార్కెట్‌లోనో, ఇంకెక్కడో సెకండ్ హ్యాండ్ కొనేటట్టయితే డబ్బులిచ్చే ముందే కేవైఎం అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి, ఖాళీ వదిలి, ఐఎంఈఐ నంబరు వేసి 14422కు మెసేజ్ పంపండి. బ్లాక్ చేసిన ఫోనైతే జవాబులో తెలుస్తుంది. మీదే పోతే పోలీసు ఫిర్యాదు, డూప్లికేట్ సిమ్ తీసుకుని కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లో బ్లాక్ చేయండి. మన రాష్ట్రంలో ఈ పద్ధతితో దొరికి, పోలీసులు తిరిగి అప్పగించిన ఫోన్లు చాలానే ఉన్నాయి.

మీ 15 వేల లెక్కకు వస్తే, బ్యాటరీకి, మంచి చార్జర్‌కు, గట్టి పౌచ్‌కు, టెంపర్డ్ గ్లాస్‌కు కలిపి 3 వేలు దాటవు. చేనుకు కీప్యాడ్ ఫోన్ కలిపినా 5 వేలలోపే. మిగిలినవి ఈసారి విత్తనాలకు వాడుకోమనండి. బ్యాటరీ మార్చాక కూడా వేడి తగ్గకపోతే ఫోన్ మోడల్ పేరు, ఏ ఆండ్రాయిడ్ వెర్షనో ఇక్కడే రాయండి, చూసి చెబుతాను.