పాత వెర్షన్‌ను ఎంతకాలం మోయాలి?

ప్రశ్న: నేను నిర్వహిస్తున్న ఓపెన్ సోర్స్ పైథాన్ లైబ్రరీ (ఇతర ప్రోగ్రాములు వాడుకునే కోడ్) ఇప్పటికీ పైథాన్ భాష 3.8 వెర్షన్‌కు మద్దతిస్తోంది. దాన్ని ఆపేస్తే పాత వినియోగదారులు ఇబ్బంది పడతారేమోనని వెనకాడుతున్నాను. ఏం చేయమంటారు?

జవాబు: మీ సంకోచం గౌరవించదగినదే అయినా, 3.8ను ఇక నిస్సందేహంగా వదిలిపెట్టవచ్చు. పైథాన్‌లో ప్రతి వెర్షన్‌కూ విడుదలైన నాటి నుంచి సుమారు 5 ఏళ్లపాటు భద్రతా సవరణలు అందుతాయి. 2019 అక్టోబరులో వచ్చిన 3.8కు ఆ గడువు 2024 అక్టోబరులోనే ముగిసింది. భాషను రూపొందించేవారే సరిదిద్దడం మానేసిన వెర్షన్ భారాన్ని, తీరిక వేళల్లో పనిచేసే మీరు భుజాన వేసుకోనక్కరలేదు.

వినియోగదారుల సంగతి మీరు భయపడుతున్నంత కష్టమేమీ కాదు. ప్యాకేజీ వివరాల్లో ‘రిక్వైర్స్-పైథాన్’ (ఏ పైథాన్ వెర్షన్లు కావాలో తెలిపే) విలువను సరిగా నమోదు చేస్తే, పాత పైథాన్ వాడేవారి యంత్రంలో పిప్ (పైథాన్ ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే సాధనం) మీ కొత్త విడుదలను పక్కనబెట్టి, వారికి సరిపడే పాత విడుదలనే ఇన్‌స్టాల్ చేస్తుంది. వారి ప్రోగ్రాములు యథాతథంగా నడుస్తాయి. అయితే ఆ విలువలో కింది హద్దు, అంటే కనీస వెర్షన్, మాత్రమే రాయండి. ముందుజాగ్రత్త పేరుతో పై హద్దు కూడా పెడితే, రేపు వచ్చే పైథాన్‌పై మీ లైబ్రరీ చక్కగా పనిచేయగలిగినా పిప్ దాన్ని తిరస్కరిస్తుంది. మార్పును విడుదల వివరాల్లో స్పష్టంగా ప్రకటించండి.