ముందు నీళ్లు చూడు, లోగో తర్వాత

విశాఖపట్నం

అమ్మలూ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన లోగో చూశాను. ఆకు బాగుంది, పేరు కూడా బాగుంది. నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. "మధురవాడలో అంత మంచి ఉద్యోగం మానేసి గుడ్డలకి రంగులేసుకుంటుందట, నువ్వే చెప్పక్కా దానికి" అన్నాడు. అందుకే ఈ ఉత్తరం. వద్దని చెప్పడానికి కాదులే. పదిహేనేళ్లకి పైగా పూలతో గుడ్డలకి రంగులద్దుతూ బంతిపూల వాసనలోనే బతుకుతున్నదాన్ని, నేను వద్దంటే ఎవరు నమ్ముతారు? కానీ లోగో అయిపోయింది, ఇన్‌స్టా పేజీ అయిపోయింది, ఒక్క గుడ్డయినా ఇంకా రంగులో మునగలేదు. నా టెన్షనంతా అక్కడే.

ముందు నీళ్లు చూడు. నేను సీతమ్మధార ఇంట్లో డాబా మీద మొదలుపెట్టినప్పుడు కుళాయి నీళ్లతో చేసేదాన్ని. బంతిపూల పసుపు చక్కగా తేలేది. పని పెరిగిందని పెందుర్తి వైపు షెడ్డు అద్దెకు తీసుకున్నాను. అక్కడ బోరు. అవే పూలు, రంగు గుడ్డకి పట్టడానికి వేసే పటికా అదే, తూకంలో తేడా లేదు. గుడ్డ మాత్రం పాచి పట్టిన గోడ రంగులో బయటికొచ్చింది. రెండు వాయిలు పాడయ్యాయి. పూలు కల్తీ అని పూర్ణా మార్కెట్‌లో పూలావిడతో గొడవ కూడా పెట్టుకున్నాను పాపం. చివరికి అద్దకం పని తెలిసిన ఒక పెద్దాయన వచ్చి, గాజు గ్లాసులో బోరు నీళ్లు పట్టి, చిటికెడు కరక్కాయ పొడి వేసి గట్టు మీద పెట్టాడు. మేం టీ తాగేలోగా ఆ నీళ్లు సిరాలా నల్లబడ్డాయి. నీళ్లలో ఇనుము ఉంది. కరక్కాయ వగరు, ఇనుము కలిస్తే నలుపే. పసుపు మాయడానికి కారణం అది. అప్పటి నుంచి పసుపు రంగులకి వాన నీళ్లు డ్రమ్ముల్లో పట్టుకుంటున్నాను. బోరు నీళ్లని వదిలెయ్యలేదు, కాస్త అన్నభేది (అదీ ఇనుప లవణమే) కలిపి బూడిద రంగులన్నీ వాటితోనే తీస్తున్నాను. ఈమధ్య అవే ఎక్కువ అమ్ముడుపోతున్నాయి, అది వేరే సంగతి.

రెండోది, ఏడాదికి ఎన్ని గుడ్డలు చెయ్యాలో నువ్వు నిర్ణయించలేవు. మన ఊళ్లో పూలు మిగిలేది దసరా నుంచి కార్తీకం దాకా. మార్కెట్‌లో సాయంత్రానికి అమ్ముడుపోనివి, కళ్యాణ మండపాల్లో తెల్లారి తీసి పారేసే దండలు, బస్తాలకి బస్తాలు వస్తాయి. సరిగ్గా అప్పుడే తుపాన్లూ వస్తాయి. సరుకు ఉన్నప్పుడు ఎండ ఉండదు. పైగా సముద్రపు గాలి. పది కిలోల పువ్వు ఎండితే కిలో వస్తుంది. అదైనా రేకులు తొడిమ నుంచి తుంచి, పల్చగా పరిచి, పూటపూటా తిరగేస్తేనే. గుప్పెట్లో నలిపితే అప్పడంలా కరకరలాడాలి. మెత్తగా తగిలితే మూట కట్టకు, వారంలో బూజు పడుతుంది. అన్నీ బాగుంటే డిసెంబరుకి నా దగ్గర నలభై కిలోల ఎండు రేకులు ఉంటాయి. ఒక్కో దుపట్టాకి వంద గ్రాములు. అంటే నాకు ఏడాదికి నాలుగు వందల పసుపు దుపట్టాలు. నాలుగు వందల ఒకటోది లేదు.

ఈ మాట ఇప్పుడు తేలిగ్గా అంటున్నానుగానీ, ఒక ఏడాది మూడు వందల దుపట్టాలకి ఒకేసారి ఆర్డర్ వచ్చింది. ఒక పెద్ద కంపెనీ, దీపావళి కానుకలకి. ఎగిరి గంతేసి ఒప్పేసుకున్నాను. రెండు వారాలు వాన వదల్లేదు. గడువు ముంచుకొచ్చింది. వెళ్లి దుకాణంలో రసాయన రంగు డబ్బా కొన్నాను. నలభై దుపట్టాలు అందులోనే ముంచాను. ఎవరూ కనిపెట్టలేదు. నాతో పనిచేసే ఆవిడ ఏమీ అనలేదు. ఆ రంగు కలిపిన బక్కెట్టు మాత్రం మన పూల గిన్నెల దగ్గర కడగలేదు, గేటు బయటికి తీసుకెళ్లి కడిగి, బోర్లించి అక్కడే వదిలేసింది. మూడు రోజులు ఆ బక్కెట్టు దాటుకునే లోపలికి వెళ్లాను. ఇంతా చేస్తే ఆ కంపెనీ డబ్బులిచ్చింది ఎనిమిది నెలలకి.

కాబట్టి పని మొదలుపెట్టగానే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించుకో, అంటే చిన్న వ్యాపారంగా కేంద్రం దగ్గర నమోదు. ఆన్‌లైన్‌లో ఉచితం, ఆధార్, పాన్ ఉంటే చాలు. చేసిపెడతాం అని డబ్బులడిగే వాళ్ల జోలికి పోకు. సరుకు పంపేలోపే అది చేతిలో ఉంటే, 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) చట్టం నీ వైపు ఉంటుంది. కొన్నవాడు నీతో ఏం రాసుకున్నా 45 రోజులు దాటి బాకీ ఉంచకూడదు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే 'బ్యాంకు రేటు'కి మూడు రెట్లు వడ్డీ, అదీ చక్రవడ్డీ. వడ్డీ వసూలు చేస్తావో లేదో, బిల్లు కింద ఆ ఒక్క వాక్యం రాసి పంపిస్తే ఫోన్ ఎత్తే తీరు మారుతుంది. సగం డబ్బు ముందే తీసుకో, మొహమాటపడకు.

ఇప్పుడు అసలు లెక్క. మొదట్లో నేను దుపట్టా 650కి అమ్మేదాన్ని. పన్నెండింటి వాయి ఒకటి నీకు చూపిస్తాను. గుడ్డకి 3,840. కరక్కాయ, పటిక, పూల రవాణా కలిపి 516. గ్యాస్ 360. కాగితం, ట్యాగులు 144. నాతో పనిచేసే ఆవిడకి మూడు రోజుల కూలి 1,500. మొత్తం 6,360. అమ్మితే 7,800. అంటే 1,440 మిగిలిందని సంబరపడేదాన్ని. ఒకరోజు ఆవిడే అడిగింది, "మీకెంతొస్తాదమ్మా రోజుకి?" అని. మూడుతో భాగించాను. 480. నా దగ్గర కూలికి వచ్చిన మనిషికి 500, యజమానురాలిని నాకు 480! పన్నెండులో ఒకటి మరకలు పడి తీరుతుంది. అదీ తీసేస్తే 263.

ఆ రాత్రే రేటు 950 చేశాను. పదకొండు అమ్ముడైనా నాకు రోజుకి పదమూడు వందల పైన వస్తుంది. కొందరు పోయారు. పోనీ. కానీ షాపులో పెడితే వాళ్లు 30 శాతం తీసుకుంటారు, నా చేతికి దుపట్టాకి 665 వస్తుంది, అంటే మళ్లీ మొదటికే. అందుకే మొదటి రెండేళ్లు షాపుల జోలికి వెళ్లకు. ఎగ్జిబిషన్లలో నువ్వే నిలబడి అమ్ము. గుడ్డ పట్టుకుని జనం ఏమడుగుతారో వినడానికి అంతకన్నా మంచి చోటు లేదు. నీ కూలి ఖర్చులో రాసుకో, లాభంలో కాదు. ఇంట్లో పని, వంట చేసినట్టే దీన్నీ ఊరికే చేసేస్తాం మనం. చుట్టాలు "ఒకటి మాకూ పెట్టవే" అంటారు. పెట్టు, కానీ అదీ పుస్తకంలో రాయి.

అప్పు గురించి. చిన్న వ్యాపారాలకి కేంద్రం పథకం కింద యాభై వేల దాకా ముద్రా శిశు రుణం ఉంది, తాకట్టు అక్కర్లేదు. నేను మొదటిసారి ఒక బ్యాంకుకి వెళ్తే మేనేజరు నా కాగితాలు చూడకుండా "మీవారు ఏం చేస్తారు?" అని అడిగాడు. చెప్పాను. "ఆయన్ని తీసుకురండి" అన్నాడు. తీసుకెళ్లలేదు, వేరే బ్యాంకుకి వెళ్లాను. ఖాతా నీ పేరు మీదే తెరువు. ఇంటి ఖర్చులకి వాడే ఖాతాలో ఈ డబ్బు కలపకు.

ట్యాగు మీద ఏం రాయాలో అడిగావు. "వంద శాతం సహజం, పర్యావరణ హితం" అని నువ్వు రాసింది తీసెయ్. ఆధారం లేకుండా అలాంటి మాటలు వాడకూడదని 2024 అక్టోబరులో కేంద్రం మార్గదర్శకాలు తెచ్చింది. అది పక్కన పెట్టినా, పటిక చెట్టుకి కాయదు కదా. మనం కాల్చే గ్యాసూ, పోసే నీళ్లూ తక్కువేం కాదు. పటిక నీళ్లు నేను ఒక్కసారికే పారబోయను, పాళ్లు సరిచూసి మళ్లీ వాడతాను. అయినా గొప్పలు చెప్పుకోను. నా ట్యాగు మీద "నూలు, బంతిపూలు, కరక్కాయ, పటిక. విడిగా ఉతకండి, నీడలో ఆరెయ్యండి" అని ఉంటుంది, అంతే. నీడలో అని ఎందుకంటే, ఒకప్పుడు వంటపసుపుతో రంగులద్దాను. కళ్లు చెదిరేలా ఉండేది. ఒకావిడ నెల తర్వాత తెచ్చి చూపించింది. బాల్కనీలో ఎండ తగిలిన సగం తెల్లగా, మడతలో ఉన్న సగం పచ్చగా. డబ్బు తిరిగి ఇచ్చేశాను. వంటపసుపు ఎండకి నిలవదు. జాఫ్రా గింజల నారింజ రంగూ అంతే.

ఒకసారి లక్క బొమ్మల ఊరు ఏటికొప్పాక వెళ్లిరా. మొక్కల రంగుల్ని అక్కడ మళ్లీ నిలబెట్టిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఆ బొమ్మలకి 2017లోనే జీఐ గుర్తింపు, అంటే ఆ ఊరి సరుకన్న భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేరుకి లోటు లేదు, బొమ్మలు చేసే అంకుడు కర్రకే ఇబ్బంది. లక్క పని చూసి మురిసిపోయి వచ్చెయ్యకు, కర్ర ఎక్కడి నుంచి వస్తోందో అడుగు. నీకూ ఆ ప్రశ్న తప్పదు. కరక్కాయ ఎవరు ఏరుతున్నారు, వాళ్లకి ఎంత ముడుతోంది అన్నది కనుక్కో.

పొందూరు ఖద్దరు మీద చేస్తానన్నావు. ఇప్పుడే వద్దు. వాలుగ చేప దవడతో దూది ఏకి, చేత్తో వడికి నేసిన గుడ్డ మీద నేర్చుకునే మరకలు పడితే నాకే ప్రాణం ఒప్పదు. మామూలు మల్లు, అంటే పల్చటి నూలు గుడ్డ మీద ముందు చెయ్యి తిరగనీ.

ఇంకోటి, సరుకంతా ఒకేచోట పెట్టకు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు షెడ్డు రేకులు ఎగిరి, అప్పటిదాకా ఎండబెట్టిన పూలన్నీ బురదలో కలిశాయి. ఇప్పుడు సగం ఇంట్లో అటక మీదే ఉంటున్నాయి. మీ మామయ్య సణుగుతూనే ఉంటాడు, పట్టించుకోను.

ఉద్యోగం అప్పుడే మానకు. ఒక దసరా నుంచి ఇంకో దసరా దాకా శని, ఆదివారాలు నా దగ్గరికి రా. కూలి ఇస్తాను, రోజుకి 500. ఈ శనివారం వచ్చేటప్పుడు నువ్వు అద్దెకు చూసిన ఇంటి నీళ్లు ఒక సీసాలో పట్టుకురా. కరక్కాయ పొడి ఇక్కడ ఉంది.

అత్త