క్రిస్మస్ పూర్తిగా వ్యాపారమైపోయిందా? మీ చిన్నప్పుడు ఎలా ఉండేది?

ప్రశ్న అడిగినవారు మాల్‌లో పెట్టిన పెద్ద చెట్టు, డిసెంబరు 1 నుంచే ఫోనులో మోగే ఆఫర్ల మెసేజీలు చూసి విసిగిపోయి, "మన చిన్నప్పటి క్రిస్మస్‌లో ఇంత డబ్బు గోల ఉండేదా" అన్నారు. ఉండేదండీ. మా ఇంట్లో అయితే అదే ఉండేది. మా నాన్న టైలరు.

తెనాలి దగ్గర పల్లె మాది. పేట మొత్తానికి ఒక చర్చి, ఒక కుట్టుమిషను. ఏడాదంతా చిరుగులు, జాకెట్లు, లంగాలు. కాస్త వెనకేసుకునేది డిసెంబరు ఒక్క నెలే. ఆ నెలలో కూడా పని ఇరవయ్యో తారీఖు దాటాకే మీద పడేది. మా వైపు వరికోతలు సరిగ్గా అప్పుడే. కోత కూలి చేతికొస్తేగానీ గుడ్డ కొనరు, గుడ్డ కొంటేగానీ నాన్న దగ్గరికి రారు. వచ్చినవాళ్ళందరికీ ఒకటే మాట: "పండక్కి ఇచ్చెయ్యాలి." నాన్నదీ ఒకటే మాట: "ఇచ్చేద్దాం."

1994 డిసెంబరు 24 రాత్రి చెప్తాను. అప్పుడు నేను ఆరో తరగతి. గుండీలు కుట్టటం నా పని, కాజాలూ చేతికుట్టూ అమ్మవి. ఎనిమిదింటికి కరెంటు పోయింది. తొక్కుడు మిషనుకు కరెంటు అక్కర్లేదు, సూదిలో దారం ఎక్కించటానికి మాత్రం వెలుతురు కావాలి. లాంతరు మిషను బల్ల మీద పెడితే అదురుకు చిమ్నీ టకటకా కొట్టుకునేది. అది పడకుండా పట్టుకుని నిలబడటం మా చెల్లి ఉద్యోగం. నిలబడే నిద్రపోయేది. బయట క్యారల్స్ వాళ్ళు పెట్రోమాక్స్ లైటు, డోలక్కులతో వీధులు తిరుగుతున్నారు. క్రిస్మస్ తాత వేషం మా చిన్నాన్నదే. దూది గడ్డం ఊడిపోతే మైదా జిగురు కోసం మా ఇంట్లోకి దూరి, కుట్టిన గౌన్ల మీద కూర్చోబోయి అమ్మ చేత చివాట్లు తిన్నాడు.

తొమ్మిది దాటాక చెరువుకట్ట పిన్ని వచ్చింది. కొంగులోంచి గుడ్డ తీసి బల్ల మీద పెట్టింది. "కూలి సాయంత్రం ఇచ్చారు బావా. పిల్లది పాత గౌనుతో గుడికి రానంటంది. ఎట్టాగొట్టా కుట్టియ్యి."

నాన్న టేపు పెట్టాడు. మీటరు ముక్క. ఏడేళ్ళ పిల్లకి చేతులూ కుచ్చులూ రావాలంటే తక్కువలో తక్కువ మీటరున్నర. చాలదని చెప్పలేదు, ముక్కల మూట విప్పాడు. టైలరింట్లో ఆ మూటలో ఉన్నది ఎవరి గుడ్డ అని అడక్కూడదు. కింద కుచ్చుకు ఎవరిదో ఎర్ర శాటిను, అంచుకు మాస్టారి అమ్మాయి గౌనుకని తెచ్చిన తెల్ల లేసు. మూడింటికి గౌను తయారైంది. బొగ్గుల ఇస్త్రీపెట్టెలో నిప్పు అప్పటికే ఆరిపోతే పరుపు కింద పెట్టి మడత తీశారు.

తెల్లవారుజాము ఆరాధన అయ్యాక గుడి మెట్ల దగ్గర మాస్టారి భార్య ఆ పిల్లని ఆపి గౌను అంచు పట్టుకుని చూసింది. తర్వాత నాన్న వైపు తిరిగింది. "మూడు మీటర్ల లేసూ మా పిల్లకే పట్టిందన్నావుగా?"

నాన్న తల గోక్కున్నాడు. "పట్టిందమ్మా. ఇది పట్టగా మిగిలింది."

ఆవిడ నవ్విందో, కోపంగానే వెళ్ళిందో నాకు గుర్తులేదు. గుర్తున్నదల్లా ఊరందరి గుండీలు కుట్టిన నేను గుండీల్లేని చొక్కా వేసుకుని, మూడు పిన్నీసులతో నిలబడి ఉండటం. చెరువుకట్ట పిన్ని కుట్టుకూలి సంక్రాంతికి ఇచ్చింది, వడ్ల రూపంలో.

ఇదంతా వ్యాపారం కాదా? తెనాలిలో గుడ్డలకొట్టు సేటు దగ్గర్నుంచి, వెదురుబద్దలకు రంగుకాగితం అంటించి నక్షత్రాలు అమ్మే కుర్రాళ్ళు, అరిసెల పిండి పట్టే మిల్లు దాకా ఆ పది రోజులూ అందరూ నాలుగు డబ్బులు చూసేవాళ్ళు. అందుకే "అప్పట్లో పండగ పవిత్రంగా ఉండేది, ఇప్పుడు వ్యాపారమైంది" అనేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మా పేటలో జరిగే వ్యాపారాన్ని ఎత్తుకుపోయి అద్దాల మేడలో పెట్టారనండి, సంతకం పెడతాను. ఇప్పుడు మా ఊళ్ళో నక్షత్రం కూడా ఎవరూ కట్టరు. ఆన్‌లైన్‌లో వస్తుంది, వెలిగి ఆరే లైట్లతో సహా. సంక్రాంతి లోపే ఆరటం ఒక్కటే మిగులుతుంది.

మెదక్ చర్చి చూశారుగా. 100 అడుగుల వెడల్పు, 200 అడుగుల పొడవు. 1924 డిసెంబరు 25న ప్రారంభమైంది. కరువుతో అల్లాడుతున్న జనానికి పని కల్పించి తిండి పెట్టటానికి ఇంగ్లండు నుంచి వచ్చిన మిషనరీ పాస్నెట్ దొర ఆ కట్టడం తలపెట్టాడని చెప్తారు. దేవుడి పేరు మీద పదిమందికి పని దొరికితే ఆయనేమీ చిన్నబుచ్చుకోడని నా నమ్మకం. ఆ మధ్య పండగపూట అక్కడికెళ్ళి కారు పెట్టుకోవటానికి గంటన్నర తిరిగాను. అది వేరే బాధ.

మా బావమరిది డల్లస్‌లో ఉంటాడు. "మీరింకా నయం, ఇక్కడ థాంక్స్‌గివింగ్ భోజనం అరక్కముందే షాపులకు పరిగెత్తాలి" అంటాడు. పరిగెత్తమని ఎవరన్నారో మాత్రం చెప్పడు. అక్కడైతే కొట్లవాళ్ళ కోసం ఆ థాంక్స్‌గివింగ్ పండగ తేదీనే జరిపారు. అప్పట్లో అది నవంబరు ఆఖరి గురువారం వచ్చేది, క్రిస్మస్ బేరాలు అది అయ్యాకే మొదలయ్యేవి. 1939 నవంబరులో ఐదు గురువారాలొచ్చి ఆఖరిది 30న పడింది. క్రిస్మస్ బేరాలకు రోజులు చాలవని వ్యాపారులు మొత్తుకుంటే అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ థాంక్స్‌గివింగును వారం ముందుకు లాగాడు. కొన్ని రాష్ట్రాలు కొత్త తేదీన, కొన్ని పాత తేదీన చేసుకున్నాయి. టెక్సస్ రెండు రోజులూ చేసుకుంది. చివరికి 1941లో నాలుగో గురువారమే అని చట్టం చేశారు. ఇది చెప్తే నాన్న పెద్దగా ఆశ్చర్యపోలేదు. "మనకి క్రిస్మస్ ఓ వారం వెనక్కి జరిపినా బాగుండేదిరా, కోతలు అయిపోయేయి" అన్నాడు.

నన్ను నిజంగా విసిగించేవి రెండు. ఒకటి సెమీ క్రిస్మస్. డిసెంబరు మొదటివారం నుంచే కేకు కోతలు, ఫ్లెక్సీలు. ఫ్లెక్సీ మధ్యలో నాయకుడు, చుట్టూ అనుచరులు, మూలన ఎక్కడో పశువుల తొట్టిలో ప్రభువు. రెండోది ఆఫీసులో సీక్రెట్ శాంటా. ఐదొందలకు మించకూడదని రూలు, చీటీలో ఎవరి పేరొస్తే వాళ్ళకి బహుమతి. నాలుగేళ్ళలో నాకు నాలుగు కాఫీ కప్పులొచ్చాయి. నేను తాగేది టీ. ఇచ్చినవాళ్ళకు నా పేరు తప్ప నా గురించి ఒక్క ముక్క తెలియదు. మా నాన్నకి పేటలో ప్రతి పిల్ల నడుం కొలతా నోటికొచ్చేది. ఇంకోటి, ఐదో కప్పు వస్తే రాజీనామా చేస్తానని మా ఆవిడతో అన్నాను, ఇంకా చెయ్యలేదు.

పోయిన డిసెంబరులో నాన్న హైదరాబాదు వచ్చాడు. పాపకి గౌను కొందామని మాల్‌కి తీసుకెళ్ళాం. పండగ తగ్గింపు పోను 2,499. నాన్న ఆ గౌను తీసుకుని తిరగేసి, లోపలి కుట్లు బొటనవేలితో తడుముకుంటూ నిలబడ్డాడు. సేల్స్ అమ్మాయి వచ్చి, "ట్రయల్ రూమ్ అటుంది సార్" అంది.

"లోపల గుడ్డ వదల్లేదమ్మా," అన్నాడు నాన్న ఆ అమ్మాయితో. "వచ్చే ఏడు పిల్ల ఎదిగితే విప్పటానికి ఏముందిందులో?"

ఆ అమ్మాయి నా వైపు చూసింది. నేను కార్డు తీసి ఇచ్చాను, ఏం చెయ్యను, పాప అప్పటికే దాన్ని గుండెకు హత్తుకుని ఉంది.

ఇంటికొచ్చాక నాన్న కళ్ళజోడు పెట్టుకుని, సూదీ దారం అడిగాడు. కొత్త గౌను గుండీలు ఆరూ ఊడదీసి, గట్టిగా మళ్ళీ కుట్టాడు.