పెల్లెట్ ఇరుక్కుంటే ఇంకొకటి కాల్చకండి

బ్రేక్ బ్యారెల్ ఎయిర్ రైఫిల్‌లో (గొట్టాన్ని మధ్యకి వంచి లోడ్ చేసే గాలి తుపాకీలో) పెల్లెట్, అంటే చిన్న సీసపు గుండు, ఇరుక్కుందని, దాన్ని తోసేద్దామని వెనకే రెండోది కాల్చారని రాశారు. మూడోది మాత్రం వద్దండీ, అడ్డు ఇంకా బిగుసుకుంటుంది.

ముందు కొలవండి. మీ బ్యారెల్ (గొట్టం) లోపలి వెడల్పు 4.5 మిల్లీమీటర్లు కాబట్టి 4 మిల్లీమీటర్ల తిన్నని ఇత్తడి కడ్డీ చాలు. అది మూతి వైపు నుంచి ఎంత దూరం వెళ్తుందో, బ్రీచ్ (పెల్లెట్ పెట్టే వెనక చివర) వైపు నుంచి ఎంత వెళ్తుందో పెన్నుతో గుర్తు పెట్టుకోండి. బ్యారెల్ పొడవులోంచి ఆ రెండూ తీసేస్తే మిగిలేది అడ్డు పొడవు. ఒక్కో పెల్లెట్ సుమారు 5, 6 మిల్లీమీటర్లు ఉంటుంది, ఎన్ని ఉన్నాయో తెలిసిపోతుంది.

బ్యారెల్‌ని స్ప్రింగ్ కాక్ అయ్యేదాకా (బిగుసుకుని కాల్చడానికి సిద్ధమయ్యేదాకా) వంచకండి. కొంచెమే తెరిచి, ఇంకొకరిని గట్టిగా పట్టుకోమనండి. కాక్ అయ్యాక ట్రిగ్గర్ జారితే బ్యారెల్ ఒక్కసారిగా మూసుకుని వేళ్లు నలిగిపోతాయి. నాకు అసలు టెన్షన్ దీని గురించే.

రెండు చుక్కలు సిలికాన్ ఆయిల్ వేసి కాసేపు ఆగండి. బ్రీచ్ వైపు నుంచి కడ్డీ పెట్టి చెక్క సుత్తితో మెల్లగా తట్టండి. సీసం మెత్తన, కదులుతుంది. స్క్రూడ్రైవర్, డ్రిల్ వద్దు, రైఫ్లింగ్ (బ్యారెల్ లోపలి మెలికల గాడులు) గీసుకుపోతే గురి పాడవుతుంది. తర్వాత బ్యారెల్‌లో నూనె లేకుండా పొడిగుడ్డతో తుడవండి, చేతులు సబ్బుతో కడుక్కోండి.

బ్రీచ్ దగ్గర టిష్యూ ముక్క పెట్టి సురక్షితమైన టార్గెట్ మీద ఒకటి కాల్చండి. టిష్యూ ఎగిరితే అక్కడ గాలి బయటికి పోకుండా ఆపే సీల్ అరిగి గాలి పోతున్నట్టే, మళ్లీ ఇరుక్కోవచ్చు.

లైసెన్స్ తుపాకీలో బుల్లెట్ ఇరుక్కుంటే మాత్రం ఇవేవీ చేయకుండా లైసెన్స్ ఉన్న గన్‌స్మిత్‌కే (తుపాకులు బాగుచేసేవారికే) చూపించండి.