మత్తు డాక్టరు దగ్గర ఏమీ దాచొద్దు

పాపా సుజాతా,

పిత్తాశయంలో రాళ్లకు ఆపరేషన్ వచ్చే వారమేనంట కదా. కోత కంటే మత్తుకే ఎక్కువ భయపడుతున్నావని మీ అమ్మ చెప్పింది. కర్నూలు పెద్దాసుపత్రి థియేటర్లో నర్సుగా చేసి రిటైరైనదాన్ని, నా మాట విను.

ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరు వచ్చి ప్రశ్నలు వేస్తారు. మనవాళ్లు ఆయనకు పొడిపొడిగా జవాబిచ్చి పంపేస్తారు. నువ్వు మత్తులో ఉన్నంతసేపూ నీ ఊపిరి, గుండె, బీపీ కనిపెట్టుకుని ఉండేది ఆయనే. బీపీ, షుగర్ మాత్రలు, రక్తం పలచబరిచేవి, నాటు మందులు, దేన్నీ వదలకు. అట్టలే పట్టుకుపో. ఏది ఆపాలో, ఏది గుక్కెడు నీళ్లతో వేసుకోవాలో ఆయన చెబుతారు, నీ అంతట నువ్వు ఆపొద్దు. కదిలే పన్నుంటే చెప్పు, గొంతులో గొట్టం వేసేటప్పుడు ఊడొచ్చు. మన ఇళ్లలో ఎవరికైనా మత్తు వికటించి ఉంటే అదీ చెప్పాలి. మగవాళ్లు పెళ్లాం ముందర సిగరెట్టూ మందూ ఒప్పుకోరు, ఆమెను కాసేపు బయటికి పంపేదాన్ని నేను! నువ్వు చిన్నప్పుడు అనంతపురం బస్సెక్కితే డోన్ రాకముందే వాంతి చేసుకునేదానివి. అది కూడా చెప్పు. అలాంటివాళ్లకు మత్తు తర్వాత వాంతులెక్కువ, మందు ముందే ఇస్తారు.

టిఫిన్, పాలు, టీ మత్తుకు 6 గంటల ముందే ఆపాలి. మాంసం, నూనె వంటలైతే 8 గంటలు. ఉత్త నీళ్లు మామూలుగా 2 గంటల ముందు వరకు తాగొచ్చు, అయినా నీ డాక్టరు చెప్పిన వేళే లెక్క. మత్తులో దగ్గే శక్తి ఉండదు. కడుపులోది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి దిగితే ప్రాణం మీదికొస్తుంది. నీరసంగా ఉన్నావని మీ అత్త పొద్దున్నే ఉగ్గాని పెడితే తినొద్దు. తిన్నావా, చెప్పేయ్. వాయిదా పడుతుంది, అంతే.

మెట్టెలు, గాజులు, గోళ్లరంగు ఇంట్లోనే తీసేయ్. తాళి తీయడానికి మనసొప్పకపోతే పసుపుకొమ్ము కట్టుకో.

మత్తుకు ఎక్కువగా ఇచ్చేది పాలలా తెల్లగా ఉండే ప్రోపోఫాల్ అనే మందు. నరంలోకి ఎక్కేటప్పుడు చెయ్యి మండుతుంది, గాబరా పడొద్దు. నిమిషంలోపే నిద్రపోతావు. ఒక్క మోతాదు కొద్ది నిమిషాల్లోనే దిగిపోతుంది కాబట్టి, ఆపరేషన్ అయ్యేదాకా మత్తు వాయువో, ఆ మందో ఆపకుండా ఇస్తూనే ఉంటారు. మధ్యలో మెలకువ రావడం చాలా అరుదు.

లేచాక గొంతు గరగర, వణుకు ఉండొచ్చు, తగ్గిపోతాయి. ఇంటికి పంపినా 24 గంటలు స్కూటీ తీయొద్దు, ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దు. డ్వాక్రా లెక్కలు తర్వాత చూసుకోవచ్చు. ఆ రాత్రి పక్కన మనిషుండాలి. మీ అత్తకు వీలు కాకపోతే నేనొస్తా, ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ