టెక్ సందేహాలు: పాచికల ఆటకు జర్నల్ ఎక్కడ, ఎలా రాసుకోవాలి?

ఈ వారం వచ్చిన ప్రశ్నల్లో ఆరు సోలో రోల్ ప్లేయింగ్ ఆటల గురించినవే కావడంతో వాటన్నిటినీ ఒకే చోట చేర్చాను. ఈ ఆటలు తెలియనివారి కోసం కొంచెం వివరణ. 1974లో అమెరికాలో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తో ప్రాచుర్యం పొందిన ఈ తరహా ఆటల్లో ఒకరు గేమ్ మాస్టర్‌గా కథ నడిపిస్తే, మిగిలినవారు బల్ల చుట్టూ కూర్చుని తమ పాత్రల తరఫున నిర్ణయాలు తీసుకుంటారు. ఆ నిర్ణయాలు ఫలించాయో లేదో పాచికలు తేలుస్తాయి. సోలో ఆటలో గేమ్ మాస్టర్ ఉండరు. వారికి బదులుగా ఒరాకిల్ అనే పట్టికలుంటాయి. ప్రశ్న అడిగి, పాచిక వేసి, పట్టికలో జవాబు చూసుకోవాలి. జరిగినదాన్ని జర్నల్‌లో రాసుకోవడం ఈ ఆటలో సగం పని. కొందరికి అదే అసలు ఆట.

ఐరన్‌స్వోర్న్ ఆటను ఒంటరిగా ఆడుతున్నాను. ఇన్నాళ్లూ నోట్‌బుక్‌లో రాసుకున్నాను కానీ పాత సంగతులు వెతుక్కోవడం కష్టంగా ఉంది. విండోస్ ల్యాప్‌టాప్‌లోనూ ఆండ్రాయిడ్ ఫోన్‌లోనూ పనిచేసే యాప్ చెప్పగలరా? (హనుమకొండ నుంచి ఒక పాఠకుడు)

యాప్ సంగతి కన్నా ముందు అందులో ఏం రాస్తారో తేల్చుకోండి. నలుగురు కూర్చుని ఆడేటప్పుడు పాచిక మీద ఎంత పడిందో అందరూ చూస్తారు, తొండి చేస్తే ఎవరో ఒకరు పట్టుకుంటారు. ఒంటరిగా ఆడేటప్పుడు ఆ సాక్ష్యం జర్నల్ ఒక్కటే. అందుకే ప్రశ్ననూ, దానికి మీరు వేసుకున్న అంచనానూ పాచిక వేయకముందే రాయాలని నా సలహా. ఐరన్‌స్వోర్న్‌లో ఇది మరీ సులువు, ఎందుకంటే అందులో అవును-కాదు ప్రశ్నలకు ఐదే ఐదు అంచనాలున్నాయి: దాదాపు ఖాయం అనుకుంటే 90 శాతం, జరగవచ్చు అనుకుంటే 75, సగానికి సగం అయితే 50, అనుమానమే అయితే 25, అవకాశం చాలా తక్కువైతే 10. ఒక చిన్న నమోదు ఇలా ఉంటుంది:

> ప్రశ్న: వంతెన దగ్గర కాపలా ఉందా?
> అంచనా: జరగవచ్చు (1 నుంచి 100 వరకు పడే పాచికల్లో 26 గాని, అంతకు మించి గాని పడితే అవును)
> పాచిక: 22
> జవాబు: లేదు. రెండంకెలూ ఒకటే కనుక మలుపు. కాపలానే కాదు, వంతెన కూడా లేదు.

ఈ నాలుగు పంక్తుల కింద మీకు ఓపిక ఉన్నంత కథ రాసుకోవచ్చు. అలాకాకుండా 'వంతెన కూలిపోయి ఉంది' అని కథ మాత్రమే రాస్తే, మూడు నెలల తర్వాత చదువుకున్నప్పుడు ఆ వంతెనను పాచిక కూల్చిందో మీరే కూల్చారో తెలియదు. తెలియకపోతే నష్టమేమిటని అడగవచ్చు. కథ మాత్రమే కావాలనుకునేవారికి నష్టం లేదు కానీ, వారికి పాచికల అవసరం కూడా లేదు.

ఇంతే రాయాలి కనుక భారీ సాఫ్ట్‌వేర్ అక్కరలేదు. సాదా టెక్స్ట్ ఫైళ్లు చాలు. నా ఎంపిక అబ్సిడియన్. ఇది ఉచితం. రాసినదంతా మీ పరికరంలోనే ఒక ఫోల్డర్‌లో మార్క్‌డౌన్ (చిన్న గుర్తులతో అమరిక చూపే సాదా టెక్స్ట్) ఫైళ్లుగా ఉంటుంది కనుక, రేపు ఆ యాప్ మూతపడినా నోట్‌ప్యాడ్‌తో తెరుచుకోవచ్చు. పంక్తి మొదట 'కంటే పెద్ద' గుర్తు పెడితే అది పక్కకు జరిగి వేరుగా కనిపిస్తుంది. పై నమోదులో చూసినట్టు పాచికల పంక్తులకు దాన్ని వాడితే కథా లెక్కా కలిసిపోవు. ల్యాప్‌టాప్‌కూ ఫోన్‌కూ మధ్య సింక్ చేసే వారి సేవకు మాత్రం డబ్బు చెల్లించాలి. అది వద్దనుకుంటే, డ్రాప్‌బాక్స్ ద్వారా గాని వన్‌డ్రైవ్ ద్వారా గాని సింక్ చేసుకోగలిగే ఓపెన్ సోర్స్ యాప్ జోప్లిన్ ఉంది. ఐరన్‌స్వోర్న్ పాచికలనూ పట్టికలనూ అబ్సిడియన్‌లోనే నడిపే ఐరన్ వాల్ట్ అనే ప్లగిన్ కూడా ఉంది కానీ, మొదటి నెల దాని జోలికి వెళ్లకండి. ఆడిన పూటకొక ఫైలు, ముఖ్యమైన పాత్రకొకటి, ఊరికొకటి చాలు. రంగురంగుల టెంప్లేట్లు తయారుచేసుకుంటూ ఆట మొదలుపెట్టనే లేని వారు ఈ అభిరుచిలో కొల్లలు.

జర్నల్ తెలుగులోనే రాస్తున్నాను. సెర్చ్‌లో పాత్ర పేరు కొడితే కొన్ని పేజీలు దొరుకుతున్నాయి, కొన్ని దొరకడం లేదు. ల్యాప్‌టాప్‌లో కనిపించే ఒకటి రెండు పేజీలు ఫోన్‌లోకి అసలు రావడం లేదు. లోపం యాప్‌లో ఉందా? (విశాఖపట్నం నుంచి ఒక పాఠకురాలు)

యాప్‌ను నిందించే ముందు మూడు సంగతులు చూడాలి. మొదటిది కంటికి కనిపించని అక్షరం. 'ఐరన్‌లాండ్స్' అని రాసేటప్పుడు నకారపు పొల్లు కింద లకారం ఒత్తుగా మారకుండా ఆపడానికి కీబోర్డు అక్కడ జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే యూనికోడ్ గుర్తును చేరుస్తుంది. అది లేకుండా రాస్తే 'ఐరన్లాండ్స్' అవుతుంది, ఈ తేడా కంటికి తెలుస్తుంది. అదే గుర్తు మాట చివర చేరితే మాత్రం తెరమీద ఏ తేడా ఉండదు. 'కెల్దర్' అనే పేరు ఆ గుర్తుతో ఒకచోటా, అది లేకుండా మరోచోటా పడితే, అక్షరానికి అక్షరం పోల్చే సెర్చ్‌కు అవి వేరువేరు మాటలు. పేరును పేజీలోంచి కాపీ చేసి సెర్చ్‌లో పేస్ట్ చేసేవారికి ఈ చిక్కు ఎక్కువ, ఎందుకంటే ఆ గుర్తు కూడా కాపీ అవుతుంది. పేరులో మొదటి రెండు మూడు అక్షరాలు మాత్రమే చేత్తో టైప్ చేసి వెతకండి.

రెండోది మన విభక్తులు. మీ కథలో ఒక ఏటికి నల్లేరు అని పేరు పెట్టారనుకుందాం. రాసేటప్పుడు అది నల్లేటి ఒడ్డు అవుతుంది, నల్లేట్లో పడవ అవుతుంది, కనుక 'నల్లేరు' అని వెతికితే ఆ పేజీలేవీ దొరకవు. ఇంగ్లిష్‌ను దృష్టిలో పెట్టుకుని చేసిన యాప్‌కు ఈ సంగతి తెలియదు. దీనికి మందు లింకులు. అబ్సిడియన్‌లో [[నల్లేరు|నల్లేటి]] అని రాస్తే చదివేటప్పుడు 'నల్లేటి' అనే కనిపిస్తుంది, లింకు మాత్రం నల్లేరు పేజీకి వెళుతుంది. ఆ పేజీ తెరిచి బ్యాక్‌లింకులు చూస్తే ఆ ఏరు ఎక్కడెక్కడ వచ్చిందో వరుసగా ఉంటుంది. మారని పేర్లతో ఈ బాధ లేదు: [[కోట]]లో, [[కోట]]కు అని ప్రత్యయాన్ని బ్రాకెట్ల బయట తగిలిస్తే సరిపోతుంది. కొత్త పాత్రలకు పేరు పెట్టేటప్పుడు డు, రు చివర వచ్చే పేర్ల కన్నా అ, ఇ చివర వచ్చేవి ఎంచుకుంటే సగం శ్రమ తగ్గుతుంది, అది కథకు నప్పితేనే అనుకోండి.

మూడోది ఫైలు పేరు పొడవు. ఫోన్‌లోకి రాని పేజీల పేర్లు బాగా పొడుగ్గా ఉన్నాయేమో చూడండి. విండోస్ ఫైలు పేరు పొడవును యూనిట్లలో లెక్కిస్తుంది, తెలుగు అక్షరమైనా ఇంగ్లిష్ అక్షరమైనా ఒక్కో యూనికోడ్ గుర్తుకు (కోడ్‌కు) ఒకే యూనిట్. ఆండ్రాయిడ్ ఫోన్లలో వాడే ఫైల్ సిస్టమ్‌లలో పరిమితి 255 బైట్లు, తెలుగు కోడ్ ఒక్కొక్కటి 3 బైట్లు తీసుకుంటుంది. అంటే 85 కోడ్‌లకు మించకూడదు. చూడడానికి ఒకే అక్షరంగా ఉన్న 'శ్రీ'లో శకారం, పొల్లు, రకారం, దీర్ఘం కలిపి నాలుగు కోడ్‌లుంటాయి, 12 బైట్లు పడుతుంది. ఆ లెక్కన 'ఉత్తర పర్వతాల్లో మంత్రగత్తె...' అంటూ సాగే పేరు చూస్తుండగానే హద్దు దాటుతుంది. ఫైలుకు తేదీనీ రెండు మాటలనూ మాత్రమే పేరుగా పెట్టి, పెద్ద శీర్షికను లోపల మొదటి పంక్తిలో రాసుకోండి.

నా ఒరాకిల్ పట్టికలన్నీ గూగుల్ షీట్స్‌లో పెట్టుకున్నాను. ర్యాండ్‌బిట్వీన్ ఫార్ములాతో జవాబు వస్తుంది. కానీ దాని పక్క గడిలో ఏదైనా టైప్ చేయగానే జవాబు మారిపోతోంది. ఎలా ఆపాలి? (డాలస్ నుంచి ఒక పాఠకుడు)

ఆ ఫార్ములా స్వభావమే అంత. షీట్‌లో ఏ గడి మారినా అది మళ్లీ కొత్త అంకె వేస్తుంది. ఎక్సెల్‌లో అయితే కాలిక్యులేషన్ ఆప్షన్స్‌ను మాన్యువల్‌గా మార్చుకుని, కావాలనుకున్నప్పుడే ఎఫ్9 నొక్కవచ్చు. గూగుల్ షీట్స్‌లో అలా పూర్తిగా ఆపే వీలు లేదు. జవాబు వచ్చిన వెంటనే ఆ గడిని కాపీ చేసి, జర్నల్ గడిలో కంట్రోల్, షిఫ్ట్, వి నొక్కితే ఫార్ములా కాకుండా విలువ మాత్రమే పడుతుంది, ఇక మారదు. అసలు పది ముఖాల పాచికలు రెండు కొనుక్కుని ఒకదాన్ని పదుల స్థానానికీ మరోదాన్ని ఒకట్ల స్థానానికీ వాడితే ఈ తంటానే ఉండదు. నచ్చని జవాబు వచ్చినప్పుడు ఏదో ఒక గడిలో ఊరికే టైప్ చేసే ప్రలోభం కూడా తప్పుతుంది.

ద రెచెడ్ ఆట ఆడుతూ రోజువారీ లాగ్‌ను గొంతుతో రికార్డు చేస్తున్నాను. ఫోన్ నిండిపోతోంది. (గుంటూరు నుంచి ఒక పాఠకురాలు)

అంతరిక్ష నౌకలో మిగిలిన ఆఖరి వ్యక్తి చెప్పే రికార్డుల రూపంలోనే ఆ ఆట సాగుతుంది కనుక రికార్డింగ్ మానమని చెప్పను. మీ రికార్డర్ యాప్ సెట్టింగ్స్‌లో ఫార్మాట్ వేవ్ అని ఉందేమో చూడండి. స్టీరియోలో, సీడీ నాణ్యతతో అయితే అది నిమిషానికి సుమారు 10 ఎంబీ మింగుతుంది. ఏఏసీ, మోనో, 64 కేబీపీఎస్‌కు మార్చితే నిమిషానికి అర ఎంబీ కూడా పట్టదు, మాటకు ఆ నాణ్యత ధారాళంగా సరిపోతుంది.

పాచికలూ పట్టికలూ ఎందుకు, ఏఐ చాట్‌బాట్‌నే గేమ్ మాస్టర్‌గా పెట్టుకుంటే జర్నల్ కూడా అదే రాస్తుంది కదా అని మిత్రులు అంటున్నారు. మీరేమంటారు? (కర్నూలు నుంచి ఒక పాఠకుడు)

కాలక్షేపానికి ఫరవాలేదు, ఆటకు మాత్రం పనికిరాదంటాను. మాటల తర్వాత మాటను అంచనా వేస్తూ పోయే మోడల్‌ను పాచిక వెయ్యమంటే, అది విడిగా కోడ్ నడిపితే తప్ప, నిజంగా పాచిక వేయదు. ఆ చోట రాదగిన అంకె ఏదో రాస్తుంది. సంభాషణ పొడుగయ్యే కొద్దీ మొదట్లో చెప్పిన సంగతులు దాని పరిధి దాటిపోతాయి, చనిపోయిన పాత్ర మూడో అధ్యాయంలో గుర్రమెక్కి వస్తుంది. అన్నిటికన్నా పెద్ద లోపం దాని మొహమాటం. తలుపు వెనక తాళంచెవి దొరికిందని మీరంటే దొరికిందనే అంటుంది.

మంచి సోలో నియమాల పని ఇందుకు సరిగ్గా వ్యతిరేకం. 2006లో వచ్చిన మిథిక్ గేమ్ మాస్టర్ ఎమ్యులేటర్‌లో కేయాస్ ఫ్యాక్టర్ అనే అంకె 1 నుంచి 9 మధ్య పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. ప్రతి సన్నివేశానికి ముందు మీరు ఏం జరుగుతుందని ఊహిస్తున్నారో రాసుకుని పది ముఖాల పాచిక వేయాలి. కేయాస్ ఫ్యాక్టర్‌కు సమానంగా గాని అంతకు తక్కువగా గాని పడితే మీ ఊహ తలకిందులవుతుంది. బేసి అంకె అయితే సన్నివేశం కొంత మారుతుంది, సరి అంకె అయితే దాని స్థానంలో వేరొకటి వచ్చి పడుతుంది. ఫ్యాక్టర్ 5 ఉన్నప్పుడు మీరు అనుకున్నది అనుకున్నట్టు జరిగే అవకాశం సగమే. చాట్‌బాట్ ఇలా మిమ్మల్ని అడ్డుకోదు.

దానికి అప్పగించదగిన పని ఒకటుంది. ఆట ముగిశాక ఆ పూట రాసినదాన్ని ఇచ్చి, ఇంకా తేలని చిక్కుముడుల జాబితా అడగండి. మిథిక్‌లో వాటిని థ్రెడ్స్ అంటారు, ఆ జాబితాను మీరే రాసి ఉంచుకోవాలి. మరిచిపోయినవి దొరకడానికి ఇది సాయపడుతుంది. వచ్చిన జాబితాను జర్నల్‌తో సరిచూసుకున్నాకే వాడండి. జర్నల్‌లో సొంత జీవితపు సంగతులు కూడా కలిసి ఉంటే, మీ సంభాషణలను శిక్షణకు వాడకుండా ఆపే సెట్టింగ్ ఉందేమో ముందు చూసుకోండి.

థౌజండ్ ఇయర్ ఓల్డ్ వాంపైర్ ఆటలో పాత జ్ఞాపకాలను కొట్టేయాలి. యాప్‌లో డిలీట్ చేయడమా, వేరే ఫైల్లోకి మార్చడమా? (రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకురాలు)

డిలీట్ చేయవద్దు. ఆ ఆటలో పాత్రకు ఐదు జ్ఞాపకాలే ఉంటాయి, ఒక్కో జ్ఞాపకంలో మూడు అనుభవాలకే చోటు. ఎక్కడా ఖాళీ లేనప్పుడు కొత్తది చేర్చాలంటే పాత జ్ఞాపకం ఒకటి మరిచిపోవాలి, లేదా డైరీలోకి ఎక్కించాలి. డైరీలోనూ నాలుగే పడతాయి, పైగా డైరీ కూడా పోవచ్చు. పాత్ర మరిచిపోయినదేమిటో ఆడేవారికి కనిపిస్తూ ఉండటంలోనే ఈ ఆట రుచి ఉంది. వీలైతే దీన్ని కాగితం మీదే ఆడండి, కలంతో అడ్డగీత కొట్టండి. తెరమీదే అయితే మార్క్‌డౌన్‌లో కొట్టివేతకు వాక్యానికి రెండు వైపులా రెండేసి టిల్డే గుర్తులు పెట్టండి. చాలా కీబోర్డుల్లో అది ఎడమవైపు పైన ఎస్కేప్ మీట కింద ఉంటుంది, షిఫ్ట్ నొక్కి వాడాలి. పొరపాటున ఏదైనా చెరిగిపోతే కంగారు పడకండి. అబ్సిడియన్ సెట్టింగ్స్‌లో కోర్ ప్లగిన్ల కింద ఫైల్ రికవరీ ఉంది. మీరు మార్చకపోతే అది ఏడు రోజుల పాత ప్రతులను దాచి ఉంచుతుంది, ఆలోగా వెనక్కి తెచ్చుకోవచ్చు.